ఉన్నత విద్యా పాలసీపై పరిశోధన: పద్ధతి ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

బెంగళూరులో పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నవాళ్లు, పబ్లిక్ పాలసీలో ఎంఏ చేస్తున్నవాళ్లు, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌గా థీసిస్ రాస్తున్న మన తెలుగు లెక్చరర్లు ఉన్నత విద్యను టాపిక్‌గా తీసుకున్నప్పుడు పదే పదే ఎదురయ్యే చిక్కులివి. ప్రశ్నావళి వేయడం, ఇంటర్వ్యూ రికార్డు చేయడం, రిగ్రెషన్ నడపడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. అవన్నీ వచ్చినవాళ్ల పని కూడా ఒక చోట చెడుతుంది. పద్ధతి ముందు ఖాయమైపోతుంది, ప్రశ్న దాని వెనకాల వస్తుంది.

ఏ లక్షణం కనిపించినా ముందు ఇది చూడండి

మీ పరిశోధన ప్రశ్నను ఒక్క వాక్యంగా రాయండి. చివర ప్రశ్నార్థకం ఉండాలి. "కర్ణాటకలో జాతీయ విద్యా విధానం (ఎన్‌ఈపీ) అమలు: ఒక అధ్యయనం" అన్నది శీర్షిక, ప్రశ్న కాదు. ఎంతమందికి చెప్పినా ఈ ఒక్క వాక్యం రాయకుండానే గూగుల్ ఫామ్ తెరుస్తారు. దయచేసి రాయండి. పది నిమిషాల పని ఇది, ఆరు నెలల తిరుగుడు తప్పిస్తుంది.

రాశాక అందులోని ప్రశ్నపదం చూడండి. "ఎంత", "ఎందరు" అని ఉంటే మీకు కావాల్సింది లెక్క. సర్వే చేయండి, లేదా ఇప్పటికే ఉన్న గణాంకాలు వాడండి. "దానివల్లేనా" అని ఉంటే పోలిక కావాలి, అంటే పాలసీ తాకినవాళ్లూ తాకనివాళ్లూ ఇద్దరూ మీ డేటాలో ఉండాలి. "ఎలా జరిగింది, ఎందుకిలా మలుపు తిరిగింది" అయితే జీవోలు, మీటింగ్ మినిట్స్, తేదీల వరుస, ఆ నిర్ణయంలో పాల్గొన్నవాళ్లతో ఇంటర్వ్యూలు. "వాళ్లకు ఏమని అర్థమైంది, రోజువారీలో ఎలా ఉంది" అయితే లోతైన ఇంటర్వ్యూలు, తరగతిలో కూర్చుని చూడటం. ఒకే వాక్యంలో రెండు ప్రశ్నపదాలు పడితే అవి రెండు పరిశోధనలు. మీ చేతిలో ఉన్న సమయానికి ఏది సరిపోతుందో దాన్ని ఉంచుకుని రెండోది పక్కన పెట్టండి.

డాక్టోరల్ కమిటీ "మెథడాలజీ స్పష్టంగా లేదు" అని సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) తిప్పి పంపిందంటే, చాలాసార్లు అక్కడ మెథడాలజీ బాగానే ఉంటుంది. లేనిది ఈ వాక్యం.

లక్షణం: నలభై అంశాల ప్రశ్నావళి, సగటులన్నీ ఐదుకు 3.7 - 4.0 మధ్యే

కారణం: విద్యార్థికి తెలియని సంగతి అడిగారు. "ఎన్‌ఈపీ ఉన్నత విద్య నాణ్యతను పెంచింది, మీరు అంగీకరిస్తారా?" అని బీకామ్ రెండో ఏడాది అమ్మాయిని అడిగితే ఆమె మర్యాదకు "అంగీకరిస్తాను" మీద టిక్ పెడుతుంది. పాలసీకి ముందు నాణ్యత ఎలా ఉండేదో ఆమె చూడలేదు. క్రాన్‌బాక్ ఆల్ఫా (అంశాల పొందికను కొలిచే అంకె) 0.85 వచ్చిందని సంబరపడకండి. అందరూ ఒకే మర్యాద పాటించినా ఆల్ఫా అంతే వస్తుంది. అంశాలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయని మాత్రమే అది చెబుతుంది. మీరు అనుకున్నదాన్నే కొలుస్తున్నాయని చెప్పదు.

పరిష్కారం: అభిప్రాయం బదులు జరిగింది అడగండి. "ఈ సెమిస్టర్ ఓపెన్ ఎలక్టివ్‌ను (మీ సబ్జెక్టు బయటి ఐచ్ఛిక పేపర్‌ను) మీరు ఎంచుకున్నారా, కాలేజీ కేటాయించిందా?" "ఎంచుకోవడానికి ఎన్ని పేపర్లు ఇచ్చారు?" "మొదటి రెండు వారాల్లో ఆ పేపర్‌కు ఎన్ని క్లాసులు జరిగాయి?" "ఫీజు కాక ఈ ఏడాది కాలేజీకి ఇంకా ఎంత కట్టారు, దేనికి?" ఇలాంటివి పన్నెండు చాలు. పైలట్‌లో ఇరవై మందికి ఇచ్చి, ఒక్కొక్కరి పక్కన కూర్చుని ప్రతి ప్రశ్ననూ వాళ్లు ఏమని అర్థం చేసుకున్నారో గట్టిగా చెప్పించుకోండి. అక్కడే సగం ప్రశ్నలు మారిపోతాయి.

లక్షణం: ఫలితాలన్నీ సిగ్నిఫికెంట్ (కేవలం యాదృచ్ఛికం అనిపించనివి), కానీ "పాలసీ వల్లే అని ఎలా చెబుతారు?" అంటే జవాబు లేదు

దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మంచి విద్యార్థులు, శ్రద్ధగా ఫీల్డ్‌వర్క్ చేసినవాళ్లు ఇక్కడే పడిపోతారు. పైకి అంతా సరిగ్గానే ఉంటుంది. శాంపిల్ 400, పట్టికలు శుభ్రం, పీ విలువ (సిగ్నిఫికెంటా కాదా అని చూసే అంకె) 0.05 కంటే తక్కువ. లోపం డేటాలో కనబడదు. పాలసీ ఏ మెట్టు మీద (రాష్ట్రమా, కాలేజీయా, మనిషా) మారుతుందో, మీరు ఏ మెట్టు మీద లెక్కపెట్టారో, ఆ రెండింటి మధ్య ఉంటుంది.

ముందు ఐదు నిమిషాల పరీక్ష చెబుతాను. మీ ఎక్సెల్ షీట్‌లో ఒక్కో వరుస ఒక్కో విద్యార్థి అనుకోండి. చివర "పాలసీ" అని కొత్త కాలమ్ పెట్టి, ఆ విద్యార్థికి పాలసీ వర్తిస్తే 1, వర్తించకపోతే 0 వేస్తూ పోండి. కాలమ్ మొత్తం 1 లతో నిండిపోతే ఆ డేటాతో ప్రభావం గురించి ఒక్క మాట కూడా చెప్పలేరు. నాలుగు వందలు కాదు, నాలుగు వేల మందిని తెచ్చినా అంతే. ఆడపిల్లలకూ మగపిల్లలకూ తేడా చెప్పగలరు, బీఎస్సీకీ బీకామ్‌కూ తేడా చెప్పగలరు. పాలసీ గురించి మాత్రం చెప్పలేరు. "సిగ్నిఫికెంట్" అని వస్తున్నవన్నీ ఆ తేడాలే. వాటికి పాలసీ పేరు పెడుతున్నారు, అంతే.

కాలమ్‌లో 0, 1 రెండూ ఉన్నాయా? అవి ఎక్కడ మారుతున్నాయో చూడండి.

బ్యాచ్‌ను బట్టి మారుతున్నాయి అనుకుందాం. కర్ణాటక ఎన్‌ఈపీ కింద నాలుగేళ్ల డిగ్రీని 2021-22లో మొదలుపెట్టింది, జీవో 2021 ఆగస్టులో వచ్చింది. కాబట్టి 2020లో చేరినవాళ్లు 0, 2021లో చేరినవాళ్లు 1 అని వేసి, రెండు బ్యాచ్‌ల మార్కులు పోలుస్తారు. చూడటానికి చక్కగా ఉంటుంది. కానీ 2021లో కోవిడ్ వల్ల రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) పరీక్షలే రద్దయ్యాయి. ఎస్సెస్సెల్సీ (పదో తరగతి), మొదటి పీయూసీ, అంతర్గత మార్కులు కలిపి ఫలితాలిచ్చారు, రెగ్యులర్ విద్యార్థులందరూ పాసయ్యారు. అంటే ఎన్‌ఈపీ మొదటి బ్యాచ్, బోర్డు పరీక్ష రాయకుండా డిగ్రీకి వచ్చిన బ్యాచ్, రెండూ ఒకటే. మీకు కనిపించిన తేడాలో పాలసీ వాటా ఎంత, పరీక్ష రద్దు వాటా ఎంత అన్నది ఆ రెండు బ్యాచ్‌లతో ఎప్పటికీ విడదీయలేరు. అందుకే బ్యాచ్ పోలిక పెట్టుకున్నవాళ్లు ఒక కాగితం మీద సంవత్సరం వారీగా "ఆ ఏడు ఇంకేం మారింది?" అన్న జాబితా రాసుకోవాలి. పరీక్ష విధానం, ఫీజు, స్కాలర్‌షిప్ నియమం, యూనివర్సిటీ విభజన, అడ్మిషన్ పోర్టల్, అన్నీ అందులో ఉండాలి.

రాష్ట్రాన్ని బట్టి మారుతున్నాయి అనుకుందాం. కర్ణాటక 1, తమిళనాడు 0. తమిళనాడు మూడేళ్ల డిగ్రీనే కొనసాగించింది. 2021లో అక్కడా ప్లస్ టూ పరీక్షలు రద్దయ్యాయి కనుక ఆ చిక్కు కొంత తీరుతుంది కూడా. మనవాళ్లు అలవాటుగా ఆంధ్రప్రదేశ్‌ను పోలికకు తెస్తారు. అది కుదరదు, ఆంధ్రప్రదేశ్ తన డిగ్రీ కోర్సులను ఇంటర్న్‌షిప్‌లు, నాలుగో ఏడాది ఆనర్స్‌తో 2020-21 నుంచే మార్చేసుకుంది. సరే, తమిళనాడే తీసుకున్నారు. అయినా మీ దగ్గర ఉన్నవి ఎన్ని? రెండు రాష్ట్రాలు. పాలసీ రాష్ట్రం మెట్టు మీద మారింది కాబట్టి మీ అసలు లెక్క రెండే, ఒక్కో వైపు ఒకటి. విద్యార్థుల సంఖ్య పెంచినకొద్దీ ఆ రెండు రాష్ట్రాల మధ్య తేడా మరింత ఖచ్చితంగా తెలుస్తుంది. ఆ తేడా పాలసీదా, రెండు రాష్ట్రాలకు మొదటి నుంచీ ఉన్నదా అన్నది తెలియదు. పాలసీకి ముందు కనీసం నాలుగైదేళ్ల డేటా తెచ్చి రెండు రాష్ట్రాల గీతలు సమాంతరంగా నడిచాయో లేదో చూపిస్తే కొంత నమ్మకం వస్తుంది. అది లేకుండా డిఫరెన్స్ ఇన్ డిఫరెన్సెస్ (రెండు చోట్ల వచ్చిన మార్పులను పోల్చే పద్ధతి) అని పేరు పెట్టడం తప్పు.

కాలేజీని బట్టి మారుతున్నాయా? ఇక్కడ నిజంగా పని చేయవచ్చు. అయితే శాంపిల్ లెక్క మారుతుంది. అందరూ పట్టుకుని తిరిగే 384 అన్న సంఖ్య ఎక్కడిది? 1.96 వర్గాన్ని 0.25తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. పెద్ద జనాభాలోంచి ఒక్కొక్కరినీ విడివిడిగా యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఒక శాతాన్ని 5 పాయింట్ల అటూ ఇటూ తేడాతో అంచనా వేయడానికి సరిపడే సంఖ్య అది. మీరు అలా ఎంచుకోలేదు. కాలేజీలకు వెళ్లి గుంపులుగా తీసుకున్నారు. ఒకే కాలేజీ పిల్లలు ఒకరిలా ఒకరు ఉంటారు. అదే లెక్చరర్, అదే లైబ్రరీ, అదే ఫీజు. అలా ఒకేలా ఉండటాన్ని ఐసీసీ అనే సంఖ్యతో కొలుస్తారు. దానివల్ల మీ శాంపిల్ విలువ ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ సూత్రం చిన్నదే: ఒక్కో కాలేజీలో తీసుకున్న విద్యార్థుల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఐసీసీతో గుణించి, ఒకటి కలపాలి.

ఐసీసీ 0.1 అనుకుని చూడండి. నాలుగు కాలేజీలు, ఒక్కో చోట 100 మంది: 99 × 0.1 + 1 = 10.9. మీ 400 మందిని 10.9తో భాగిస్తే మిగిలేది సుమారు 37 మంది విలువ. ఇరవై కాలేజీలు, ఒక్కో చోట 20 మంది: డిజైన్ ఎఫెక్ట్ 2.9, మిగిలేది 138. నలభై కాలేజీలు, పది మంది చొప్పున: 1.9, మిగిలేది 210. మూడు చోట్లా మీరు నింపించిన ఫారాలు 400 మాత్రమే. నలభై కాలేజీలకు తిరగడం కష్టమే, బెంగళూరు ట్రాఫిక్‌లో రోజుకు రెండు కాలేజీలకు మించి కావు. కానీ ఒక కాలేజీలో వందో ఫారం నింపించడం కంటే కొత్త కాలేజీలో పది నింపించడం ఎన్నో రెట్లు విలువైనది. ఐసీసీ ఊహించనక్కర్లేదు, ఐదారు కాలేజీల పైలట్ నుంచి స్థూలంగా తీయవచ్చు. విశ్లేషణలో స్టాండర్డ్ ఎర్రర్లను (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అంకెలను) కాలేజీ వారీగా క్లస్టర్ చేయండి, అంటే ఒక్కో కాలేజీని ఒక గుంపుగా చూసి లెక్కించండి. కాలేజీలు నలభై కంటే బాగా తక్కువగా ఉంటే ఆ క్లస్టర్ ఎర్రర్లను కూడా పూర్తిగా నమ్మలేం, గుంపులు తక్కువైనప్పటి కోసం ఉన్న వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ పద్ధతి వాడండి. నాలుగైదే ఉంటే రిగ్రెషన్ వదిలేసి కేస్ స్టడీగా రాయండి. అది తక్కువ రకం పని కాదు. చేతిలో ఉన్నదానికి నిజాయితీగా సరిపోయే పని.

ఇంకో జాగ్రత్త. అటానమస్ (సిలబస్, పరీక్షలు తామే నడుపుకునే) కాలేజీలను అఫిలియేటెడ్ (యూనివర్సిటీ సిలబస్, పరీక్షల కింద నడిచే) కాలేజీలతో పోల్చి "స్వయంప్రతిపత్తి ప్రభావం" అంటారు. కానీ బాగా నడుస్తున్న కాలేజీలే అటానమీకి దరఖాస్తు పెట్టుకుంటాయి. తేడా ముందే ఉంది. అటానమీ వచ్చిన ఏడాదికి ముందూ వెనకా అదే కాలేజీ రికార్డులు తెస్తే తప్ప ఆ పోలిక నిలవదు.

పాలసీ మనిషి మెట్టు మీద మారితే మీ అదృష్టం. తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో బీసీ, ఈబీసీ ఇంజనీరింగ్ విద్యార్థులకు ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్‌లో) 10,000 ర్యాంకు లోపు వస్తే పూర్తి ఫీజు, దాటితే 35,000 రూపాయల పరిమితి అన్న నియమం అలాంటిది. 9,900 ర్యాంకుకూ 10,100 ర్యాంకుకూ చదువులో పెద్ద తేడా ఉండదు, చేతికొచ్చే డబ్బులో ఉంటుంది. రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీకి (కటాఫ్‌కు అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చే పద్ధతికి) ఇంతకంటే చక్కని చోటు దొరకదు. కటాఫ్‌కు దగ్గరి ర్యాంకులే తీసుకోండి. ర్యాంకుతో సంబంధం లేకుండా పూర్తి ఫీజు పొందే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులను ఆ పోలికలో కలపకండి. వాళ్ల దగ్గర కూడా అదే గీత మీద తేడా కనిపిస్తే మీ డిజైన్‌లో ఏదో తప్పుందని తెలుస్తుంది కనుక, పరీక్ష కోసం వేరుగా నడపండి. తమిళనాడులో ప్రభుత్వ పాఠశాల విద్యార్థులకు మెడికల్ సీట్లలో 2020లో వచ్చిన 7.5 శాతం కోటా కూడా మనిషి మెట్టుదే. ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు వర్తించింది, ఎయిడెడ్ బడి పిల్లలకు వర్తించలేదు. ప్రాంతం మెట్టు కావాలంటే కళ్యాణ కర్ణాటకకు (పాత హైదరాబాద్ కర్ణాటక జిల్లాలకు) రాజ్యాంగ అధికరణ 371జె కింద వచ్చిన విద్యా రిజర్వేషన్ ఉంది. రాజ్యాంగానికి 98వ సవరణతో వచ్చింది. బళ్లారి, రాయచూరు సరిహద్దు తాలూకాల్లో తెలుగు మాట్లాడేవాళ్లకు ఫీల్డ్‌వర్క్ కూడా సులువు.

ఇవేవీ కుదరకపోతే? కాలమ్ అంతా 1 లే అయితే శాంపిల్ పెంచవద్దు, ప్రశ్న మార్చండి. పాలసీ అందరికీ ఒకటే కావచ్చు, అమలు ఒకటి కాదు. ఒకే యూనివర్సిటీ కింద ఒక కాలేజీ ఓపెన్ ఎలక్టివ్‌గా పన్నెండు పేపర్లు ఇస్తే, పక్క కాలేజీ ఒక్కటే ఇచ్చి అందరినీ అందులో కూర్చోబెడుతుంది. "ఎన్‌ఈపీ వల్ల ఏం జరిగింది?" అన్నదాన్ని "ఒకే నియమాన్ని ఈ కాలేజీలు ఇంత వేరువేరుగా ఎందుకు అమలుచేశాయి?" అని మార్చండి. ఇప్పుడు మీ యూనిట్ కాలేజీ. ముప్పై నలభై కాలేజీల రికార్డులు, వాటిలోంచి కావాలని ఎంచుకున్న ఐదారు కాలేజీల్లో ఇంటర్వ్యూలు. ఈ ప్రశ్నకు మీ దగ్గరే జవాబుంది, పాలసీ రాసేవాళ్లకు కూడా నిజంగా పనికొచ్చేది ఇదే.

లక్షణం: గ్రాఫ్‌లో ఒక ఏడు గీత ఒక్కసారిగా కిందికి దిగింది

కారణం చాలాసార్లు లెక్క మారడం. తమిళనాడు స్థూల నమోదు నిష్పత్తి (18-23 ఏళ్ల జనాభాతో పోల్చితే ఉన్నత విద్యలో ఉన్నవాళ్ల శాతం) ఏఐఎస్‌హెచ్‌ఈ (కేంద్రం చేసే ఉన్నత విద్య సర్వే) 2019-20 నివేదికలో 51.4, 2020-21 నివేదికలో 46.9. దీన్ని కోవిడ్ దెబ్బ అని రాసేస్తారు. కానీ 2020-21 నివేదిక జనాభా అంచనాలను 2001 జనగణన ఆధారం నుంచి 2011 ఆధారానికి మార్చింది. దేశం మొత్తానికి 2019-20లో మొదట 27.1 అన్నదే, కొత్త జనాభాతో లెక్కిస్తే 25.6 అయింది. ఆ 25.6 నుంచే 2020-21లో 27.3కు పెరిగిందని చెప్పారు. పాత నివేదికను కొత్త నివేదిక పక్కన పెట్టి గీత గీస్తే పెరిగిన చోట తగ్గినట్టు, నిలిచిన చోట పడినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం: నిష్పత్తిని కాపీ చేయకండి. నమోదు సంఖ్యను నివేదిక పట్టికల నుంచి తీసుకుని, 18-23 ఏళ్ల జనాభాకు ఒకే వరుస అంచనాలు అన్ని ఏళ్లకూ వాడి మీరే భాగించండి. ఒక సాయంత్రం పని.

ఇందులోనే మనకు ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటుంది. ఏఐఎస్‌హెచ్‌ఈ విద్యార్థిని చదువుతున్న చోట లెక్కిస్తుంది. అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు కర్ణాటక నమోదులో ఉంటాడు. అతని ఊరి జనాభా మాత్రం ఆంధ్రప్రదేశ్ హారంలో ఉంటుంది. రాయలసీమలో ఉన్నత విద్య అందుబాటు గురించి రాసేవాళ్లు దీన్ని పట్టించుకోకపోతే సీమ పిల్లలు చదువుకోవడం లేదని తేలుతుంది. ఎవరింటి పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, ఎవరు ఎంత ఖర్చు పెడుతున్నారు అన్నదానికి కుటుంబాల సర్వే చూడాలి. నేషనల్ శాంపిల్ సర్వే 75వ రౌండ్, 2017 జులై నుంచి 2018 జూన్ వరకు విద్య మీద జరిగింది, దాని యూనిట్ స్థాయి డేటా పరిశోధకులకు దొరుకుతుంది. జిల్లా స్థాయికి మాత్రం దాన్ని దించకండి, శాంపిల్ సరిపోదు.

ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఇచ్చే విద్యాసంస్థల ర్యాంకింగ్) ర్యాంకును నాణ్యతకు కొలతగా వాడటం కూడా ఈ కోవలోదే. అందులో 10 శాతం పర్సెప్షన్, అంటే పేరు ప్రతిష్ఠలు. ర్యాంకు వదిలేసి, కాలేజీ తన వెబ్‌సైట్‌లో పెట్టిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ డేటా ఫైల్‌లోంచి మీకు కావాల్సిన సంఖ్యను నేరుగా తీసుకోండి. అధ్యాపకుల సంఖ్య, పాసైనవాళ్లు, స్కాలర్‌షిప్ పొందినవాళ్లు అక్కడ ఉంటాయి. న్యాక్‌కు (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థకు) పంపే స్వయం అధ్యయన నివేదికలు కూడా అలాగే దొరుకుతాయి.

లక్షణం: ఇంటర్వ్యూలన్నీ సర్క్యులర్ చదివినట్టే ఉన్నాయి

కారణం రెండు రకాలు. మీరు ప్రిన్సిపాళ్లనే కలిశారు, లేదా "ఎలా అమలు చేశారు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు ఎవరైనా సర్క్యులరే అప్పజెబుతారు.

పరిష్కారం: ముందు కాగితాలు, తర్వాత మనుషులు. జీవో, యూనివర్సిటీ రెగ్యులేషన్, బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఖరారు చేసే కమిటీ) మినిట్స్, కాలేజీ టైమ్‌టేబుల్. నాలుగూ తేదీల వారీగా ఒక పట్టికలో పెట్టండి. జీవో తేదీకీ మొదటి టైమ్‌టేబుల్ తేదీకీ మధ్య ఉన్న ఖాళీలోనే మీ అసలు ప్రశ్నలుంటాయి. టైమ్‌టేబుల్‌ను తక్కువగా చూడకండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన. ఏ ఎలక్టివ్ పెట్టాలన్న నిర్ణయం వెనక విద్యార్థి ఇష్టం ఉందా, ఎవరి 16 గంటలు నింపాలన్న లెక్క ఉందా అన్నది టైమ్‌టేబుల్ చేతిలో పట్టుకుని అడిగితేనే బయటికొస్తుంది. "పోయిన జూన్‌లో ఈ జాబితా ఎవరు తయారుచేశారు? మొదటి జాబితాలో ఉండి తర్వాత తీసేసింది ఏది?" అని అడగండి. ప్రిన్సిపాల్‌తో పాటు టైమ్‌టేబుల్ వేసే లెక్చరర్, ఆఫీస్ సూపరింటెండెంట్, ఒక గెస్ట్ ఫ్యాకల్టీ తప్పనిసరి.

కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. కర్ణాటక నియమాల్లో ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 పదాల పరిమితి ఉంది. అన్నీ ఒకే కాగితంలో రాస్తే తిరస్కరిస్తారు, మూడు విషయాలుంటే మూడు దరఖాస్తులు వేయండి. ప్రైవేట్ అన్‌ఎయిడెడ్ కాలేజీకి నేరుగా రాస్తే సాధారణంగా తమకు చట్టం వర్తించదంటారు. ఆ కాలేజీ యూనివర్సిటీకి పంపిన అఫిలియేషన్ కాగితాలను యూనివర్సిటీనే అడగండి. అభిప్రాయాలు అడగకండి, ఫలానా తేదీ మినిట్స్ నకలు అని అడగండి.

భాష గురించి: ఆఫీసు సిబ్బందితో కన్నడలోనే మాట్లాడండి, రాకపోతే కన్నడ తెలిసిన తోడు పెట్టుకోండి. ఇంగ్లిష్‌లో అడిగితే అందరూ మీటింగ్ భాషలోకి వెళ్లిపోతారు. మాట్లాడిన భాషలోనే రాతలోకి ఎక్కించి, ఆ భాషలోనే కోడింగ్ (మాటలకు అంశాల వారీగా గుర్తులు వేయడం) చేయండి, థీసిస్‌లో పెట్టే మాటలను మాత్రం అనువదించండి. గంట రికార్డింగ్ రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని ముందే లెక్కవేసుకుంటే ఎన్ని ఇంటర్వ్యూలు చేయగలరో తేలుతుంది.

లక్షణం: అందరూ ఫీజు ఎక్కువంటున్నారు, గ్రంథాలయం ఎవరూ వాడటం లేదు

మీ ఫామ్ మారతహళ్లి, బీటీఎం లేఔట్, మడివాళ పీజీల్లో ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రైవేట్ ప్రొఫెషనల్ కోర్సులవాళ్లు. ప్రభుత్వ ప్రథమ శ్రేణి కాలేజీలో చదువుతూ హొసకోటె నుంచి బస్సులో వచ్చే అమ్మాయి ఆ గ్రూపుల్లో లేదు. యూనివర్సిటీ అఫిలియేటెడ్ కాలేజీల జాబితా తీసుకుని ప్రభుత్వ, ఎయిడెడ్, అన్‌ఎయిడెడ్ అని విడదీసి, ఒక్కో దాంట్లోంచి చీటీ తీసినట్టు ఎంచుకోండి. కాలేజీలో హాజరు పట్టీ తీసుకుని ప్రతి పదో పేరూ. ఇది కుదరకపోతే మీ ప్రశ్ననే "బెంగళూరులో ప్రైవేట్ కోర్సులు చదువుతున్న తెలుగు విద్యార్థులు" అని కుదించండి. అది కూడా మంచి ప్రశ్నే, పైగా దాన్ని అడిగేవాళ్లు అరుదు.

లక్షణం: మిక్స్‌డ్ మెథడ్స్ (సర్వే లెక్కలూ ఇంటర్వ్యూలూ కలిపి చేయడం) అన్నారు, నాలుగో అధ్యాయానికీ ఐదో అధ్యాయానికీ సంబంధం లేదు

రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు వెతికాయి. ఏది ముందో, ఒకదాని ఫలితం రెండోదానికి ఎక్కడ అందుతుందో సినాప్సిస్‌లోనే ఒక వాక్యం రాయండి. ఉదాహరణకు, రికార్డుల్లో అందరికంటే భిన్నంగా ఉన్న మూడు కాలేజీలనే ఇంటర్వ్యూలకు ఎంచుకోవడం. అలా రాయలేకపోతే ఒకటి వదిలేయండి.

అరుదుగా వచ్చేవి

డేటా నార్మల్‌గా (గంట ఆకారంలో) లేదని భయం: పెద్ద శాంపిల్‌లో దాదాపు పట్టించుకోనక్కర్లేదు. ఏ సాఫ్ట్‌వేర్, ఎస్‌పీఎస్‌ఎస్సా, ఆర్ (R) ఆ, స్టాటానా: మీ గైడ్‌కు ఏది వస్తే అది. ఆల్ఫా 0.68 వచ్చింది, 0.7 కావాలట: అంశాల మాటలు చూడండి, ఆ అంకె కోసం అంశాలు తీసేయకండి. కోడింగ్‌లో కప్పా (ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే అంకె) తక్కువ: కోడ్ల నిర్వచనాలు ఇద్దరూ కూర్చుని తిరగరాయండి, మళ్లీ చేయండి.

లక్షణం: పాలసీ మధ్యలో రద్దయింది, టాపిక్ పోయిందా?

పోలేదు, మెరుగైంది. కర్ణాటక ప్రభుత్వం 2024 మేలో నాలుగేళ్ల డిగ్రీని ఉపసంహరించి 2024-25 నుంచి మూడేళ్లకు తిరిగి వెళ్లింది. అప్పటికే చేరిన మూడు బ్యాచ్‌లకు నాలుగో ఏడాది చదివే అవకాశం ఉంచింది. అంటే మీ పాలసీ కాలమ్ 2020 వరకు చేరినవాళ్లకు 0, 2021, 2022, 2023లో చేరినవాళ్లకు 1, 2024 నుంచి మళ్లీ 0. పెట్టినప్పుడు కనిపించిన తేడా తీసేసినప్పుడు వెనక్కి వెళ్లిందా అని చూడగలగడం చాలా అరుదు. పరీక్ష రద్దయిన 2021 బ్యాచ్‌ను వేరుగా పెట్టి, 2022, 2023 బ్యాచ్‌లను 2019, 2024 బ్యాచ్‌లతో పోల్చండి. మొదటి ఏడాది ఎంతమంది చేరారు, రెండో ఏడాదికి ఎంతమంది మిగిలారు, నాలుగో ఏడాదికి ఎవరు ఉండిపోయారు అన్నవి అడ్మిషన్ రిజిస్టర్లలో ఉన్నాయి. 2024లోనే కర్ణాటక రెండో పీయూసీకి మూడు పరీక్షల పద్ధతి తెచ్చింది కాబట్టి ఆ బ్యాచ్‌లో ఏ పరీక్షతో పాసై వచ్చారో కూడా రిజిస్టర్‌లోంచి ఎక్కించుకోండి. రెండో, మూడో పరీక్షతో వచ్చినవాళ్లను తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి లెక్క నడపండి.